స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు తడబడకుండా ఇంట్లో వైఫై ఎలా సెట్ చేయాలి?

స్మార్ట్ ప్లగ్గు కనెక్ట్ కాకపోతే అందరూ ముందు అనుమానించేది ప్లగ్గునే. దాన్ని పదిసార్లు రీసెట్ చేస్తారు, విసిగిపోయి వెనక్కి పంపేస్తారు, లేదా ఇంకా ఖరీదైన రౌటర్ కొంటారు. చాలా ఇళ్లలో ఈ రెండూ బాగానే ఉంటాయి. రౌటర్ సెట్టింగ్స్‌ను ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేయడం వల్లే ఈ గొడవంతా. ఒక్క గంట కూర్చుంటే అయిపోయే పని ఇది.

కావలసినవి తక్కువే: రెండు బ్యాండ్లున్న (అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో దారుల్లో వైఫై ఇచ్చే) రౌటర్, దాని అడుగున స్టిక్కర్ మీద ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్, ఒక ఫోన్. రౌటర్‌ను ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, అడ్డం లేనిచోట పెట్టండి. టీవీ వెనకా, ఇనుప బీరువా మీదా, చేపల తొట్టి పక్కనా వద్దు. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చేస్తాయి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌తో పాటు మీరు కొన్నది కూడా ఉంటే, కంపెనీ దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (ఇంటర్నెట్‌ను మీ రౌటర్‌కు అందించి ఊరుకునే సెట్టింగ్) పెట్టి వైఫై ఆపేయండి. రెండూ వైఫై ఇస్తుంటే ఫోన్ ఒకదాని కింద, బల్బు ఇంకోదాని కింద చేరి ఒకదానికొకటి కనబడవు.

తర్వాత బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లండి. ఎక్కువగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం) ఆపేయండి. ఇవి అయిదు నిమిషాల పనులే అయినా దాటవేయకండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలను, రౌటర్లను ఆక్రమించింది. వాటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడమే దానికి దారి ఇచ్చింది.

ఇక అసలు పని: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను విడిగా, దాని సొంత పేరుతో నిలబెట్టడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చేయండి.

బల్బుల్లో, ప్లగ్గుల్లో వాడే చిన్న చిప్‌లలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. లైటు వేయడానికి, ఆర్పడానికి స్పీడు అక్కర్లేదు, గోడలు దాటి వెళ్లే సిగ్నల్ కావాలి. ఆ విషయంలో 2.4 నయం. కానీ ఇప్పటి రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి వస్తాయి. దాన్ని స్మార్ట్ కనెక్ట్ అనో బ్యాండ్ స్టీరింగ్ అనో అంటారు. కొన్ని రౌటర్లయితే పరికరం 5 వైపు వస్తుందేమోనని 2.4 మీద వచ్చిన మొదటి పిలుపులకు జవాబే ఇవ్వవు. ఆ బల్బుకు ఇంకో దారి లేదు, పాపం, అలా మెరుస్తూనే ఉంటుంది. పెయిరింగ్ (పరికరాన్ని వైఫైకి మొదటిసారి కలపడం) చేసేటప్పుడు కాసేపు 5ను ఆపి తర్వాత వేసుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ రోజుకు పని జరుగుతుంది. మర్నాడు కరెంటు పోయి వస్తే మళ్లీ అదే తంతు. స్మార్ట్ కనెక్ట్ ఆపేసి రెండు పేర్లు పెట్టడమే సరైన పద్ధతి.

పేరులో చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. ఖాళీలు, ఎమోజీలు, తెలుగు అక్షరాలు వద్దు. వైఫై పేరుకు 32 బైట్లే హద్దు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి పదింటికే నిండిపోతుంది, పైగా చాలా పరికరాలు ఆ పేరును చదవలేవు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. అక్షరాలు, అంకెలు కలిపి 16 పెట్టండి. ప్రత్యేక గుర్తుల దగ్గర తడబడే పరికరాలు కొన్ని ఉన్నాయి. పొడవు పెంచితే భద్రత ఎలాగూ వస్తుంది.

సెక్యూరిటీ (వైఫైకి తాళం వేసే పద్ధతి) దగ్గర డబ్ల్యూపీఏ2 పర్సనల్, ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 మెరుగైనదే, దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు పెట్టుకోండి. 2.4లో మాత్రం అదొక్కటే పెడితే పాత పరికరాలు లోపలికే రావు, రెండూ కలిపిన మోడ్‌లోనూ కొన్ని మొండికేస్తాయి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఛానెల్‌ను ఆటోలో వదలకండి. 1, 6, 11 ఒకదానిమీద ఒకటి పడవు, వాటిలో పక్కింటివాళ్లు తక్కువగా వాడుతున్నది ఎంచుకోండి. ఇంట్లో జిగ్‌బీ (వైఫై కాకుండా స్మార్ట్ పరికరాలు వాడే ఇంకో రేడియో పద్ధతి) హబ్ ఉంటే అదీ 2.4లోనే నడుస్తుంది కాబట్టి వైఫైని 1లో, జిగ్‌బీని 20లోనో 25లోనో పెడితే రెండూ తగువులాడుకోవు.

ఒక అపోహ బాగా వినిపిస్తుంది: రెండు పేర్లు పెడితే ఫోన్ కూడా ఎప్పుడూ 2.4లోనే ఉండాలని. అక్కర్లేదు. పేర్లు రెండైనా లోపల నెట్‌వర్క్ ఒక్కటే, ఫోన్ 5లో ఉండి కూడా బల్బును ఆర్పుతుంది. గెస్ట్ నెట్‌వర్క్ (ఇంటికొచ్చినవాళ్లకు రౌటర్ విడిగా ఇచ్చే వైఫై) సంగతి వేరు. భద్రత కోసం పరికరాలన్నీ అందులో పడేయమంటారు కానీ, చాలా రౌటర్లు అక్కడ ఒకదాన్నొకటి చూడనివ్వవు. ఫోన్ నుంచి స్పీకర్‌కు పాట పంపాలన్నా కుదరదు. క్లౌడ్ ద్వారా మాత్రమే పనిచేసే కెమెరా లాంటివి అక్కడ పెట్టండి, మిగతావి వద్దు.

ఇప్పుడు పెయిరింగ్. ఫోన్‌ను 2.4 పేరుకు మార్చండి. మొబైల్ డేటా ఆపేయండి, వీపీఎన్ ఉంటే అదీ ఆపండి, యాప్ లొకేషన్, లోకల్ నెట్‌వర్క్ అనుమతులు అడిగితే ఇవ్వండి. చాలా పరికరాలు మొదట తామే ఒక చిన్న హాట్‌స్పాట్ పెడతాయి. అందులో ఇంటర్నెట్ ఉండదు. అది చూసి ఫోన్ మొబైల్ డేటాకు దూకేస్తుంది, సెటప్ అక్కడే ఆగిపోతుంది. పరికరాన్ని రౌటర్ పక్కన కాకుండా అది ఉండబోయే చోటే పెట్టి కలపండి, సిగ్నల్ చాలకపోతే అప్పుడే తెలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా. అన్నీ చేరాక హబ్‌కూ కెమెరాలకూ డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (రౌటర్ ప్రతిసారీ అదే అడ్రస్ ఇచ్చేలా చేసే సెట్టింగ్) పెట్టేయండి.

ఈ 2.4 పాస్‌వర్డ్ ఇంటికొచ్చినవాళ్లకు ఇవ్వకండి, గెస్ట్ పేరు ఇవ్వండి. రేపు దీన్ని మార్చాల్సి వస్తే ప్రతి బల్బునూ మళ్లీ మొదటినుంచి కలపాలి. రౌటరే మార్చినా కొత్తదానికి ఇదే పేరు, ఇదే పాస్‌వర్డ్, ఇదే సెక్యూరిటీ పెడితే చాలు, పరికరాలన్నీ వాటంతట అవే వచ్చి చేరతాయి.

చివరగా రౌటర్ ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. పది నిమిషాల తర్వాత యాప్‌లో ఏవి ఆఫ్‌లైన్‌లో ఉన్నాయో చూడండి. రౌటర్ పేజీలో వాటి సిగ్నల్ మైనస్ 75 డీబీఎమ్ (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) కన్నా బలహీనంగా, అంటే మైనస్ 80లా ఉంటే సమస్య దూరానిదే. ఎక్స్‌టెండర్ (వైఫైనే అందుకుని మళ్లీ ప్రసారం చేసే పెట్టె) జోలికి వెళ్లకండి. ఆ గది దాకా కేబుల్ లాగి, ఇదే పేరుతో ఒక యాక్సెస్ పాయింట్ (కేబుల్ మీద వచ్చే ఇంటర్నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి.