వానాకాలంలో స్పీకర్ బాక్సుకు పెయింట్ కొడుతున్నారా? ముందు ఆ గది తలుపు సంగతి చూడండి

వినాయక చవితి దగ్గరపడింది. కుర్రాళ్లు ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) కోయించుకొచ్చి ఇళ్లలోనే స్పీకర్ బాక్సులు కట్టుకునే రోజులివి. మొన్న మాకు దగ్గర్లోని ఒక ఇంట్లో అలాంటి బాక్సుకు పెయింట్ కొడుతుంటే గది ఒక్కసారిగా భగ్గుమంది. బయట వాన పడుతోందని బాక్సును లోపలికి తెచ్చారు. తడి పెయింట్ మీద దుమ్ము పడుతుందని తలుపులూ కిటికీలూ మూశారు. స్ప్రే గన్‌తో రెండు కోటింగులు కొట్టారు. ఆ గదిలో నిప్పన్నదే లేదు. కానీ పక్కగదిలో దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. పెయింట్‌ను పలుచన చేయడానికి కలిపే థిన్నర్ ఆవిరి తలుపు కింది సందులోంచి అక్కడిదాకా పాకింది. పెయింట్ కొడుతున్న పిల్లాడి చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి.

పెయింట్ చెడిన బాక్సులు చాలా చూశాను. వాటిని మళ్లీ రుద్ది కొట్టుకోవచ్చు. మనుషులకు దెబ్బ తగిలిన సందర్భాల్లో మాత్రం నేను చూసిన తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే, మూసిన గదిలో పెయింట్ కొట్టడం. డబ్బా బాగా ఊపాలి, గ్లౌజులు వేసుకోవాలి లాంటివి డబ్బా మీదే రాసుంటాయి కాబట్టి అవి ఇక్కడ చెప్పడం లేదు.

ఆవిరి ఎటు పోతుంది

త్వరగా ఆరే స్ప్రే పెయింట్లైన డ్యూకోలోనూ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్‌లోనూ కలిపే థిన్నర్‌లో సాధారణంగా టొలుయీన్, అసిటోన్ లాంటి ద్రావకాలు ఉంటాయి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి రావడానికి టొలుయీన్‌కు 4 డిగ్రీల సెల్సియస్ చాలు. అసిటోన్‌కైతే సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్నా చాలు. మన ఇళ్లలో వానాకాలంలో కూడా 28, 30 డిగ్రీలు ఉంటుంది. గదిలోని గాలిలో టొలుయీన్ ఆవిరి నూటికి ఒక పాలు దాటితే చాలు, చిన్న రవ్వ పడినా అంటుకుంటుంది.

ఈ ఆవిరి గాలి కంటే బరువు. టొలుయీన్ ఆవిరి ఇంచుమించు మూడు రెట్లు బరువుంటుంది. అందుకే అది పైకి పోకుండా నేల మీద పరుచుకుని, గడపలు దాటి, మెట్లు దిగి పల్లానికి పోతుంది. పైన వెంటిలేటర్ తెరిచే ఉంది కదా అనుకుంటే సరిపోదు. వంటింట్లో స్టవ్, దేవుడి దీపం మాత్రమే కాదు, తనంతట తాను ఆన్ అయ్యే ఫ్రిజ్ కూడా లోపల చిన్న రవ్వ పుట్టించగలదు. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడూ అంతే. వానాకాలంలో కరెంటు పోయి వస్తుంటుంది. వచ్చిన క్షణంలో ఇంట్లోవన్నీ ఒకేసారి మొదలవుతాయి, అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.

చిన్న స్ప్రే డబ్బానే కదా అనకండి. చాలా డబ్బాల్లో పెయింట్‌ను బయటికి తోసేది ఎల్పీజీ లాంటి మండే వాయువే. వంటగ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దని అరిచే ఇళ్లలోనే, మూసిన గదిలో ఇలాంటి డబ్బాలు మూడు నాలుగు ఖాళీ చేస్తున్నారు.

కాబట్టి వరండాలోనో, రెండు పక్కలా తెరిచి ఉన్న రేకుల షెడ్డులోనో కొట్టండి. దగ్గర్లో వంటింటి కిటికీ గానీ, జనరేటర్ గానీ ఉండకూడదు. అలాంటి చోటు లేకపోతే వాన తెరిపిచ్చేదాకా ఆగండి. బాక్సు ఒక వారం ఆలస్యమైతే ఏమీ కాదు.

ఏ ఫినిష్ ఎంచుకోవాలి

వానాకాలంలో ఎన్‌సీ లక్కర్ వద్దంటాను. ద్రావకం గబగబా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. అక్కడ గాలిలోని తేమ పట్టి పెయింట్ తెల్లగా మసకబారుతుంది. ఇక్కడే మనవాళ్లు ఇంకో ప్రమాదం తెచ్చుకుంటారు. తెలుపు పోవాలని బాక్సును గదిలోకి తెచ్చి, తలుపు మూసి, హాలోజన్ లైటో హెయిర్ డ్రయ్యరో పెడతారు. మూసిన గది, ఆవిరి, వేడి, మూడూ ఒకచోట చేరతాయి. దయచేసి ఆ పని చేయకండి.

నన్నడిగితే ఈ నెలల్లో ఇంటి పనికి సన్‌మైకా మంచిది. నీళ్లలో కలిసే మామూలు తెల్ల ఫెవికాల్‌తో అతికిస్తే ఘాటైన ఆవిరి ఉండదు. దాని తర్వాత నేను చెప్పేది నీళ్ల ఆధారిత యాక్రిలిక్ పెయింట్. మ్యాట్ నలుపు తీసుకుని రోలర్‌తో కొట్టండి. రోలర్ వదిలే సన్నటి గరుకు స్పీకర్ బాక్సు మీద చూడటానికి బాగుంటుంది, చెక్కలోని లోపాలనూ దాస్తుంది. నిగనిగలాడే నలుపు అందరికీ ఇష్టమే, కానీ పుట్టీ సరిగ్గా రుద్దకపోతే ప్రతి గీతా కనిపిస్తుంది. కార్పెట్ అంటించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దానికి వాడే రబ్బరు జిగురులో కూడా ద్రావకమే ఉంటుంది, మూసిన గది నియమం దానికీ వర్తిస్తుంది.

గట్టిపరిచే ద్రవం విడిగా వచ్చే రెండు భాగాల పీయూ (పాలియురెథేన్) పెయింట్‌ను ఇంట్లో గన్‌తో కొట్టొద్దు. అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా లేపుతుంది. కార్లకు పెయింట్ వేసే బూత్ ఉన్న షాపుకు బాక్సు పంపండి. అంత ఖర్చు పెట్టలేకపోతే ఆ ఫినిష్ ఆశ వదులుకోండి.

ఎండీఎఫ్ కోసిన అంచులు పెయింట్ తాగేస్తాయి. ఎన్ని కోటింగులు వేసినా అంచు పాలిపోయే కనిపిస్తుంది. దాంతో ఇంకో డబ్బా, ఇంకో డబ్బా కొడుతూనే ఉంటారు, ఆవిరి పెరుగుతూనే ఉంటుంది. ముందుగా కొంచెం నీళ్లు కలిపిన ఫెవికాల్ అంచుల మీద రుద్ది, బాగా ఆరాక 240 నంబర్ ఎమెరీ పేపర్‌తో నునుపు చేసి, ఆపైన ప్రైమర్ వేయండి. అలా చేస్తే రెండు మూడు పలుచటి కోటింగులతో పని అయిపోతుంది. ఎండీఎఫ్ పొడి ఊపిరిలోకి పోకూడదు, రుద్దేటప్పుడు ఎన్95 తప్పనిసరి.

ఇక మిగతావన్నీ వరసగా చెప్తాను. ఇంట్లో ఎవరైనా పెయింట్ పని పెట్టుకుంటే ఇవి చదివి వినిపించండి.

పాత ఎనామెల్ మీద డ్యూకో గానీ, లక్కర్ రకం స్ప్రే గానీ కొట్టొద్దు. కింది పొర ముడతలు పడి లేస్తుంది. సందేహం ఉంటే బాక్సు అడుగున చిన్న చోట కొట్టి, మర్నాడు చూడండి.

డబ్బాను 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. చెయ్యి ఆగకూడదు. మళ్లీ ఎప్పుడు కొట్టాలో డబ్బా వెనక రాసుంటుంది, ఆ గడువులోపే కొట్టండి, అది దాటితే పూర్తిగా ఆరేదాకా ఆగండి.

స్పీకర్లు బిగించాక పెయింట్ కొట్టొద్దు. ద్రావకం ఫోమ్ అంచునూ జిగురునూ తినేస్తుంది. కాగితం కప్పాం కదా అంటే చాలదు.

బాక్సు లోపల పెయింట్ వద్దు. లోపల చేరిన ఆవిరి రోజుల తరబడి పోదు. బాక్సు కూడా మూసిన గదే! పెయింట్ పచ్చిగా ఉండగా దాంట్లో సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు, ఆంప్లిఫయర్ బిగించి ఆన్ చేయొద్దు.

గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు. ఎన్95 కూడా ఆపదు. పెయింట్ ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. మాస్క్‌లోంచి వాసన వస్తుందంటే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టు.

తల తిరిగితే ఆ క్షణమే బయటికి రండి. మిగిలిన కోటింగ్ రేపు.

ఒంటరిగా కొట్టొద్దు.

పిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. థిన్నర్ అయిపోయిందని పెట్రోల్ కలపొద్దు.

స్ప్రే డబ్బాలు ఎండలో వద్దు, బండి డిక్కీలో వద్దు. 50 డిగ్రీలు దాటితే పేలగలవు. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టొద్దు, చెత్త మంటలో వేయొద్దు.

లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె)తో పాలిష్ చేస్తే, ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరుతూ లోలోపల వేడెక్కి, నిప్పు లేకుండానే అంటుకుంటాయి. బయట నేల మీద విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

పెయింట్ కొట్టిన బాక్సును రాత్రి పడగ్గదిలో పెట్టుకుని పడుకోవద్దు. కొట్టడం బయట, ఆరబెట్టడం కూడా బయటే. మూసిన గది రెండింటికీ వద్దు.

ఇల్లంతా వాసన కొడుతుంటే స్విచ్‌లు ముట్టుకోవద్దు. ఆన్ చేయొద్దు, ఆఫ్ కూడా చేయొద్దు. తలుపులు తెరిచి అందరూ బయటికి నడవండి.

పని మొదలెట్టే ముందే ఇసుక బకెట్ గానీ, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గానీ చేతికి అందేలా పెట్టుకోండి. థిన్నర్ మంట మీద నీళ్లు కొట్టొద్దు, మండుతున్న థిన్నర్ నీళ్ల మీద తేలి ఇంకా పరుచుకుంటుంది. గిన్నెలో అంటుకుంటే మూత వేయండి. నేల మీద అంటుకుంటే ఇసుక పోయండి. గదికి అంటుకుంటే బాక్సు కోసం లోపలికి వెళ్లొద్దు, బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్ట్ వద్దు, సిరా వద్దు, ఐసు వద్దు. అతుక్కుపోయిన బట్టను లాగొద్దు. ఆ నీళ్ల కింద ఉండగానే పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి.