గాలికి తిరగబడిన గుమ్మడి పాదు ఇలా కోలుకుంది

మేముండే ఒహాయోలో జూన్ గాలివానకి మా అట్లాంటిక్ జెయింట్ (భారీ కాయలు కాసే రకం) గుమ్మడి పాదు తిరగబడింది. ప్రధాన తీగ మెలిపడి, మొదలు దగ్గర బెత్తెడు మేర చీలింది. చాలా టెన్షన్ పడ్డాను.

నీళ్ళు పట్టిన తీగ పెళుసు, అప్పుడే కదిలిస్తే పుటుక్కున విరుగుతుంది. మర్నాడు ఎండకి కాస్త వాడాకే మెల్లగా తిప్పాను. చీలికకు మన్ను తగలనివ్వకుండా చిన్న ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాను. తడి నిలిస్తే కుళ్ళు ఖాయం. విరిగిన ఆకుకాడలు బోలుగా ఉండి నీళ్ళు పడతాయి, వాటిని కోసేశాను. వాలినా పచ్చగా ఉన్న ఆకుల్ని మాత్రం ఉంచాను.

అసలు బలం కణుపుల్లోనే ఉంది. ప్రతి కణుపు మీదా మన్ను కప్పితే కొత్త వేర్లు దిగి తీగను నేలకు పట్టి ఉంచుతాయి, మొదలు దెబ్బతిన్నా నీరందిస్తాయి. ఇంకా వేరు దిగని తీగ కొసలకి రెండేసి వెదురు పుల్లలు ఇంటూ గుర్తులా గుచ్చాను. చిగురు మళ్ళీ సాగాకే పిందె నిలిపాను.