మీ లెన్స్‌కు మీరే ఫోకస్ సరిచేసుకోండి – మూడో పాఠం: స్కేలు చదవడం

ఒకే వస్తువును లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూసి) ఒకసారి, వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) ఒకసారి తీయమని పోయిన పాఠంలో పని ఇచ్చాను. కొందరికి లైవ్ వ్యూ ఫొటో పదునుగా, వ్యూఫైండర్‌లో చూసి తీసింది మెత్తగా వచ్చి ఉంటుంది. ఈ పాఠం వాళ్లకే. రెండూ మెత్తగా వచ్చినవాళ్లు కెమెరాలో ఫోకస్ సరిచేసే మెనూ జోలికి రావద్దు, తప్పు వేరేచోట ఉంది.

డీఎస్ఎల్ఆర్ పెద్ద అద్దం వెనక ఒక చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుగును కిందున్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. ఆ దారి పొడవుకూ, ఫొటో పడే సెన్సర్ దాకా ఉన్న దారి పొడవుకూ వెంట్రుకవాసి తేడా ఉన్నా సరే, కెమెరా బీప్ కొడుతుంది, ఫొటోలో ఫోకస్ మాత్రం ఉండదు. అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫొటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది కాబట్టి ఈ లొల్లి దాదాపు లేదు.

నల్లగొండలో ఒక పెళ్లి. తలంబ్రాలప్పుడు 85 ఎంఎం లెన్స్‌తో, అపర్చర్ (వెలుగు వచ్చే కన్నం) 1.8 మీద పెట్టి తీసిన క్లోజప్‌లలో పెళ్లికూతురి జుంకా పూసలు లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం మసక. "అన్నా, లెన్స్ ఖరాబైంది, అమ్మేద్దాం" అన్నాడు మా తమ్ముడు. ఖరాబేం కాలేదు. జుంకా కంటికంటే వెనక ఉంటుంది గదా, ఫోకస్ వెనక్కి పోతోందని అదే చెప్పింది.

ఇక పని. అట్టపెట్టెకు న్యూస్‌పేపర్ అతికించి, కెమెరాకు ఎదురుగా నిటారుగా నిలబెట్టండి. పక్కన 30 సెంటీమీటర్ల స్కేలును 45 డిగ్రీలు వాల్చి, సున్నా మీ వైపు, 15 సరిగ్గా పేపర్ వరుసలో ఉండేలా పెట్టండి. ఫోకస్ పాయింట్ పేపర్ మీదే. చాలామంది స్కేలు మీద పెట్టి బోల్తా పడతారు. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న డబ్బా కంటే అసలు పాయింట్ పెద్దదిగా ఉండొచ్చు, వాలు మీద అది ఏ అంకెను పట్టిందో మనకు తెలీదు. పేపర్ బదులు పోచంపల్లి చీర పెడితే చూడముచ్చటగా ఉంటుంది గానీ పనికిరాదు. నూలుకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి ఈ ఇక్కత్ నేతలో బొమ్మల అంచులు పుట్టుకతోనే చెదిరి ఉంటాయి.

కెమెరాకు, పేపర్‌కు మధ్య దూరం ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే అంకెకు) 50 రెట్లు పెట్టుకోండి: 50 ఎంఎంకు రెండున్నర మీటర్లు, 85కి నాలుగుంపావు. ట్రైపాడ్, అపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య పాయింట్ ఒక్కటే, టైమర్. ట్యూబ్‌లైట్ రంగుకే ఫోకస్ కాస్త జరగొచ్చు కాబట్టి కిటికీ వెలుగు మేలు. మిద్దె మీద మాత్రం వద్దు. మన మే నెల ఎండకు గచ్చు మీంచి లేచే వేడికి అక్షరాలు ఈదుతుంటాయి.

ప్రతి ఫొటోకు ముందు రింగు తిప్పి ఫోకస్ చెడగొట్టండి, ఒకసారి దూరం వైపు, ఒకసారి దగ్గర వైపు. లేకపోతే లెన్స్ ఉన్నచోటే కూర్చుంటుంది. మెనూలో వేసే ఒక్కో అంకెకు వ్యూఫైండర్‌లో చూసి నాలుగు ఫొటోలు తీయండి.

ఆ మెనూ పేరు కెనాన్ వాళ్లది ఏఎఫ్ (ఆటోఫోకస్) మైక్రోఅడ్జస్ట్‌మెంట్, నికాన్ వాళ్లది ఏఎఫ్ ఫైన్ ట్యూన్. రెండింట్లోనూ –20 నుంచి +20 దాకా ఉంటుంది. ప్లస్ వేస్తే ఫోకస్ వెనక్కి, మైనస్ వేస్తే మీ వైపుకు జరుగుతుంది. నికాన్ డీ3500, కెనాన్ 1500డీ లాంటి చిన్న కెమెరా బాడీల్లో ఈ మెనూ లేదు. కెనాన్‌లో అన్ని లెన్సులకూ కలిపి మార్చేది వదిలేసి, లెన్స్‌వారీది ఎంచుకోండి.

నా 85కు మెనూలో సున్నా ఉన్నప్పుడు స్కేలు మీద 17, 18 అంకెలు పదునుగా వచ్చాయి. –5కు 16 దాటి 15 వైపు వచ్చింది. –10కు 14కు వచ్చేసింది, అంటే ఎక్కువైంది. అక్కణ్నుంచి ఒక్కొక్క అంకె వెనక్కొస్తే –8 దగ్గర పేపర్‌లో చిన్నక్షరాలు అదే పేపర్‌కు తీసిన లైవ్ వ్యూ ఫొటోతో సమానమయ్యాయి. స్కేలు దారి చూపిస్తుందంతే, చివరి తీర్పు ఆ చిన్నక్షరాలదే.

నాలుగు ఫొటోల్లో ఒకటి 13, ఒకటి 18, ఇంకోటి 15 అని చిందరవందరగా వస్తే ఏ అంకె వేసినా లాభం లేదు. ముందు వెలుగు, ట్రైపాడ్ చూసుకోండి. ఇంకోటి, –8 అన్నది నా బాడీకి, నా లెన్స్‌కు కుదిరిన జోడీ లెక్క. తమ్ముడి బాడీకి అదే లెన్స్ పెడితే మళ్లీ మొదటి నుంచి.

వచ్చే పాఠం జూమ్ లెన్సులది. మీ జూమ్‌తో రెండు కొసల్లోనూ ఇదే స్కేలు తీసి పెట్టుకోండి. రెండు చోట్లా వేర్వేరు అంకెలొస్తే కంగారు పడొద్దు, దేన్నీ చెరిపెయ్యొద్దు.