వయొలిన్ నేర్చుకుని కచేరీల్లో పక్కవాద్యం దాకా వెళ్లాలంటే

వర్ణాలు (కృతుల కంటే ముందు నేర్చుకునే పాఠాలు) వచ్చేశాయి, ఇక కచేరీలు ఎప్పుడు అని అడిగేవాళ్లు చాలామంది. ఒక మాట ముందే చెప్పేస్తా, కర్ణాటక సంగీతంలో వయొలిన్ వాళ్లకి సోలోలు దొరికేది తక్కువ, అన్నం పెట్టేది పక్కవాద్యమే, అంటే గాయకుడి పక్కన కూర్చుని ఆయన పాటకి తోడుగా వాయించడం. సాధకం కూడా ఆ లెక్కలోనే ఉండాలి.

మనం ఇంట్లో ఎప్పుడూ ఒకే శ్రుతిలో, అంటే 'స'ని ఒకే ఎత్తులో పెట్టుకుని వాయిస్తాం కదా, తిప్పలన్నీ అక్కడే. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో పాడతారు (అంకె పెరిగేకొద్దీ 'స' ఎత్తు పెరుగుతుంది), తీగలు స-ప-స-ప అని కలుపుతాం కాబట్టి పాడేవాళ్లు మారితే తీగ బిగువు మారిపోతుంది, కమాను మీద చెయ్యి బరువు కూడా మార్చుకోవాలి. అందుకే వచ్చిన వర్ణాన్నే రోజుకో శ్రుతిలో పెట్టి వాయించండి, బోర్ కొట్టినా సరే.

తర్వాత చెవి. రాని కృతుల రికార్డింగ్ పెట్టి, వెనకాలే వాయిస్తూ పోండి. గాయకుడు కాంభోజి రాగం ఆలాపనలో (పాట మాటలూ తాళమూ లేకుండా రాగాన్ని పాడటం) పంచమం, అంటే 'ప' మీద ఆగాడనుకోండి, మీరూ ఆ పంచమాన్నే సన్నగా పట్టుకుని ఉండాలి, అక్కడ సొంత సంగతి (స్వరాల మలుపు) వేశారా, ఆయన తర్వాత ఏం పాడదామనుకున్నాడో అది పోయినట్టే. మీ వంతు ఆలాపన ఆయనదానికంటే చిన్నగా ఉండాలి. కల్పనస్వరాల్లో (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) ఆయన ఎన్ని ఆవర్తాలు, అంటే తాళం చుట్లు వేస్తే మీరూ అన్నే, పోటీకి దిగితే మళ్లీ పిలవరు (చప్పట్లు మాత్రం బానే పడతాయి, అదో తమాషా).

కాలేజీల సంగతికొస్తే, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల ఉండనే ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పింది అక్కడే, 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. సర్టిఫికెట్, డిప్లొమా టీచర్ ఉద్యోగాలకి పనికొస్తాయి, స్టేజీ మీద ఎవరూ అడగరు. అడిగేది ఆకాశవాణి ఆడిషన్‌లో ఇచ్చే గ్రేడు. కింది నుంచి పైకి బీ, బీ హై, ఏ, టాప్, ఇదీ వరస, బీ హై అంటే సభల (కచేరీలు పెట్టే సంస్థల) వాళ్లు కాస్త పట్టించుకుంటారు. పిల్లలకి 10-14 ఏళ్ల మధ్య సీసీఆర్టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ) స్కాలర్‌షిప్, 18-25 వాళ్లకి కేంద్ర సాంస్కృతిక శాఖది వేరే ఉంది, రెండూ ట్రై చేయండి.

మొదటి స్టేజీ అంటారా, త్యాగరాజ ఆరాధనలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ ఐదు రాగాల్లో ఉన్న త్యాగరాజ పంచరత్న కృతులూ కంఠతా వస్తే ఏ ఊరి గోష్ఠిలోనైనా (అందరూ కలిసి పాడేది) కూర్చోవచ్చు, మృదంగం వాళ్లూ గాయకులూ పరిచయమయ్యేది అక్కడే. కూచిపూడి ప్రోగ్రాములు కూడా వదలొద్దు, రిహార్సల్స్ చంపేస్తాయి గానీ డబ్బులొస్తాయి. అమెరికా పిల్లలకి పొద్దున్నే ఆన్‌లైన్ క్లాసులు చెప్పి ఇల్లు నడుపుకునేవాళ్లు బోలెడుమంది, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఎవరైనా పిలిస్తే మొదట శ్రుతి ఎంత అని ఫోన్లోనే అడిగేయండి, ఇంకో తీగల సెట్టు కేసులో ఉంచుకోండి.