జరగని క్రికెట్‌ను చరిత్రగా రాయడం ఎలా?

"ఆ క్యాచ్ పట్టి ఉంటేనా!" అనే మాట క్రికెట్ చూసే ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. దాన్ని అక్కడితో వదిలేయకుండా, ప్రభుత్వాల పంతాలనూ దేశాల మధ్య వైరాన్నీ కలుపుకొని, జరగని అంతర్జాతీయ క్రికెట్ చరిత్రను నమ్మదగినట్టు రాయాలనుకునే వారి కోసం ఈ వ్యాసం. ఊహ ఎంత దూరమైనా పోవచ్చు గానీ లెక్క తప్పకూడదు. ఆ లెక్క ఎలా వేయాలో చెప్పడానికి ముఖ్యంగా ఒకే ఉదాహరణను పట్టుకుంటాను. అది 1968 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడిన టెస్టు.

మొదట మలుపును ఎంచుకోవాలి. చాలామంది దేశ విభజనే జరగకపోయి ఉంటే అని మొదలుపెడతారు. అంత పెద్ద సంగతి మారితే సరిహద్దులు, వలసలు, సైన్యాలు, ఎన్నికలు అన్నీ మారిపోతాయి. ఆ వరదలో క్రికెట్ కొట్టుకుపోయి, రాసేవారికి పట్టుకోవడానికి గట్టు దొరకదు. మలుపు చిన్నదిగా ఉండాలి, దానికొక తేదీ ఉండాలి, ఆ క్షణంలో అటో ఇటో ఏదైనా జరిగే అవకాశం నిజంగా ఉండాలి. దాని ఫలితం మాత్రం మైదానం దాటి మంత్రుల బల్లల దాకా వెళ్ళాలి.

ఓవల్ టెస్టులో అలాంటి క్షణం ఉంది. బాసిల్ డి ఒలివేరా కేప్‌టౌన్‌లో పుట్టాడు. వర్ణవివక్ష చట్టాలు అతన్ని "కలర్డ్" (మిశ్రమ జాతి) అనే గడిలో పెట్టాయి కాబట్టి సొంత దేశపు జట్టులో అతనికి చోటు లేదు. వ్యాఖ్యాత జాన్ ఆర్లట్‌కు ఉత్తరాలు రాసి, ఆయన సాయంతో 1960లో ఇంగ్లండ్ చేరి, మిడిల్‌టన్ క్లబ్ తరఫున లీగ్ మ్యాచ్‌లు ఆడి, 1966లో ఇంగ్లండ్ టెస్టు జట్టులోకి వచ్చాడు. 1968లో ఆస్ట్రేలియాతో మొదటి టెస్టులో 87 పరుగులతో అజేయంగా నిలిచినా తర్వాతి టెస్టుకు అతన్ని తప్పించారు. ఓవల్‌లో కూడా అతను తొలి ఎంపిక కాదు. రోజర్ ప్రిడో అనారోగ్యంతో తప్పుకున్నందువల్ల పిలుపు వచ్చింది. 31 పరుగుల దగ్గర అతను ఇచ్చిన క్యాచ్‌ను వికెట్ కీపర్ బారీ జార్మన్ వదిలేశాడు. డి ఒలివేరా 158 చేశాడు. చివరి రోజు వాన కురిసి మైదానం చెరువైతే ప్రేక్షకులే దిగి నీళ్ళు తోడడానికి సాయపడ్డారు. ఆట మళ్ళీ మొదలయ్యాక గట్టిగా నిలబడిన జోడీని విడగొడుతూ డి ఒలివేరా ఒక వికెట్ తీశాడు. అవుటైన బ్యాట్స్‌మన్ జార్మనే. ఆ దారి వెంట డెరెక్ అండర్‌వుడ్ మిగిలిన వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను గెలిపించాడు.

ఆ తర్వాత ప్రకటించిన దక్షిణాఫ్రికా పర్యటన జట్టులో డి ఒలివేరా పేరు లేదు. సెప్టెంబరు 16న టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకోగా అతన్ని చేర్చారు. మర్నాడే దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ బ్లూమ్‌ఫాంటైన్‌లో మాట్లాడుతూ, ఇది వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం పంపుతున్న జట్టనీ, దీన్ని అంగీకరించబోమనీ తేల్చేశాడు. అప్పట్లో ఇంగ్లండ్ జట్టును విదేశీ పర్యటనలకు పంపే క్లబ్ ఎం.సి.సి. సెప్టెంబరు 24న పర్యటనను రద్దు చేసుకుంది. ఈ వరసలో కనీసం మూడు మలుపులు ఉన్నాయి: ప్రిడో అనారోగ్యం, జార్మన్ చేతులు, కార్ట్‌రైట్ గాయం. వీటిలో ఒక్కదాన్నే మార్చాలి, రెండోదాన్ని తాకకూడదు. నేను జార్మన్ క్యాచ్‌ను ఎంచుకుంటాను. అనారోగ్యమూ గాయమూ ఎవరి చేతిలోనూ లేనివి. క్యాచ్ మాత్రం ఒక మనిషి చేయగలిగి చేయలేకపోయిన పని, కాబట్టి పాఠకుడు దాన్ని వెంటనే నమ్ముతాడు.

మలుపు దొరికాక ఒక నోటుపుస్తకం తెరిచి ఎడమ పేజీలో ఆ క్యాచ్ మార్చగలిగినవి, కుడి పేజీలో మార్చలేనివి రాయాలి. కుడి పేజీ త్వరగా నిండుతుంది. 1960లో షార్ప్‌విల్‌లో నల్లజాతి నిరసనకారుల మీద పోలీసుల కాల్పులు జరిగే ఉంటాయి. 1961లో దక్షిణాఫ్రికా కామన్వెల్త్ నుంచి వైదొలగి ఐ.సి.సి. సభ్యత్వం పోగొట్టుకునే ఉంటుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ నుంచి దాన్ని దూరం పెట్టే ఉంటారు. భారత ప్రభుత్వం 1946లోనే దానితో వాణిజ్యం తెంచుకుంది కాబట్టి మన జట్టు అక్కడికి వెళ్ళడమన్న మాట ఉండదు. అభిమానులు రాసే ఊహాచరిత్రలు ఎక్కువగా ఈ కుడి పేజీని వదిలేయడం వల్లే కూలిపోతాయి.

తర్వాత క్యాలెండర్. ఒక జట్టు ఒకే చలికాలంలో రెండు చోట్ల ఉండలేదు. ఖాళీ అయిన 1968-69 చలికాలంలో ఇంగ్లండ్ నిజానికి సిలోన్, పాకిస్తాన్ వెళ్ళింది. పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ మీద జనం తిరగబడుతున్న రోజులవి. ఢాకా టెస్టులో డి ఒలివేరా 114 పరుగులతో అజేయంగా నిలిచాడు. కరాచీలో ప్రేక్షకులు మైదానంలోకి దూసుకొచ్చి టెస్టు ఆగిపోయేసరికి ఇంగ్లండ్ ఆటగాడు అలన్ నాట్ 96 దగ్గర ఉన్నాడు. జార్మన్ ఆ క్యాచ్ పట్టి ఉంటే డి ఒలివేరా ఎంపిక కాడు, దక్షిణాఫ్రికా పర్యటన రద్దు కాదు, అప్పుడు ఈ రెండు ఇన్నింగ్స్ కూడా చెరిగిపోతాయి. అయూబ్ పతనం మాత్రం ఆగదు. కొత్త మ్యాచ్‌ను రాసిన ప్రతిసారీ దాని కింద పడి మాయమైన పాత మ్యాచ్ ఏదో వెతికి పక్కనే రాసుకోవాలి.

ఇక ఫలితాల సంగతి. నిజ చరిత్రలో కూడా దక్షిణాఫ్రికా 1969-70లో ఆస్ట్రేలియాతో ఆడి 4-0తో గెలిచింది. కాబట్టి ఆ క్యాచ్ నేరుగా ఇచ్చేది ఒక్క సిరీస్ మాత్రమే. ఇంగ్లండ్ కౌంటీ హ్యాంప్‌షైర్ తరఫున 1968లో 2,395 పరుగులు చేసిన దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ బారీ రిచర్డ్స్ ఏడాది ముందే టెస్టుల్లోకి వస్తాడు. ఐదు టెస్టుల సిరీస్ అనుకుంటే అతని 4 టెస్టులు 9 అవుతాయి. ఆ నాలుగింటిలో చేసిన 508 పరుగులను వందతో హెచ్చవేసి రికార్డులు కట్టబెట్టేవారు లెక్క చేయడం లేదు, మొక్కు తీర్చుకుంటున్నారు.

అసలు ప్రశ్న 1970 వేసవిలో దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు చేయాల్సిన ఇంగ్లండ్ పర్యటనది. అంతకుముందు దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు వచ్చినప్పుడు పీటర్ హెయిన్ వంటి యువకులు నడిపిన నిరసనలు, లార్డ్స్ మైదానం చుట్టూ వేసిన ముళ్ళకంచె, ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడలను బహిష్కరిస్తామన్న ఆఫ్రికా, ఆసియా దేశాల హెచ్చరిక, హోంమంత్రి జేమ్స్ కాలహాన్ చేసిన అభ్యర్థన, ఇవన్నీ కలిసి ఆ పర్యటనను మే నెలలో రద్దు చేయించాయి. అయితే ఇంగ్లండ్ సామాన్య ప్రేక్షకుడికి వర్ణవివక్ష అంటే ఏమిటో ఒక మనిషి ముఖంలో కనబడింది డి ఒలివేరా వల్లనే. 31కి అవుటైన డి ఒలివేరాను ఎంపిక చేయకపోతే ఎవరూ వీధికెక్కరు. ఆ ముఖం లేకుండా ఉద్యమానికి అంత బలం వస్తుందా? నా అంచనాలో పర్యటన ముళ్ళకంచె వెనకే మొదలవుతుంది. మీరు వేరేలా తేల్చవచ్చు, కానీ ఎందుకో రాయాలి.

అక్కడి నుంచి నష్టం పెరుగుతుంది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దక్షిణాఫ్రికాతో ఆడుతూనే ఉండగా భారత్, పాకిస్తాన్, వెస్టిండీస్ దానితో ఒక్క టెస్టూ ఆడని రోజులవి. క్రికెట్ రంగును బట్టి ఎప్పుడో చీలింది. 1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌నే వదులుకుంది గానీ దక్షిణాఫ్రికాతో ఆడలేదు. ఆ పట్టుదలను గుర్తుపెట్టుకుని 1975 ప్రపంచకప్ రాయండి. ఇంగ్లండ్ దక్షిణాఫ్రికాను ఆహ్వానిస్తే వెస్టిండీస్ రాదు, భారత్ రాదు, పాకిస్తాన్ రాదు. జూన్ 21న లార్డ్స్‌లో క్లైవ్ లాయిడ్ చేసిన 102 ఉండదు. మూడు దేశాలు వేరు కుంపటి పెట్టుకుంటే 1983లో కపిల్ దేవ్ అందుకున్న కప్పు కూడా ఉండదు. రిచర్డ్స్‌కు అదనంగా దక్కిన ఐదు టెస్టుల పక్కన ఈ ఖర్చును రాయకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించే లోపం మరొకటి ఉంది. దక్షిణాఫ్రికా మీద రాసే ఊహాచరిత్రల్లో రిచర్డ్స్, గ్రేమ్ పొలాక్, మైక్ ప్రాక్టర్ వంటి తెల్ల ఆటగాళ్ళు బహిష్కరణ వల్ల కోల్పోయిన ఏళ్ళ గురించి పేజీలు ఉంటాయి. తెల్లవారు కానందువల్ల ఒక్క టెస్టూ ఆడలేకపోయిన వారి గురించి ఒక్క వాక్యం ఉండదు. డి ఒలివేరా 1958లో నాయకత్వం వహించి తూర్పు ఆఫ్రికా తీసుకెళ్ళిన జట్టులో మిగిలినవారంతా ఏమయ్యారు? 1959లో ఫ్రాంక్ వొరెల్ నాయకత్వంలో వెస్టిండీస్ ఆటగాళ్ళు వచ్చి తెల్లవారు కాని జట్లతో ఆడాల్సిన పర్యటన ఒకటి ఆగిపోయింది. అది జరిగితే నల్లవారి ఆట లోకానికి తెలిసేదని కొందరు, వేరు వేరుగా ఆడటాన్ని ఒప్పుకున్నట్టవుతుందని మరికొందరు వాదించారు. రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. చెయ్యి తిరిగినవారు ఓవల్ క్యాచ్‌ను వదిలి ఈ మలుపును తీసుకోవాలని నా కోరిక.

రాసేటప్పుడు పెద్ద మాటలకన్నా దగ్గరి చూపు పనిచేస్తుంది. "ఇంగ్లండ్ పర్యటన వివాదం లేకుండా సాగింది" అని రాస్తే పాఠకుడికి ఏమీ కనబడదు. ఇలా రాసి చూడండి: "1969 జనవరి, కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానం. తెల్లవారి స్టాండులో కుర్చీ ఖాళీ లేదు. కలర్డ్ ప్రేక్షకులకు వదిలిన మూలలో, కంచె పక్కన, ఒక దర్జీ తన కొడుకును భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఇంగ్లండ్ కొట్టిన ప్రతి ఫోరుకూ ఆ మూల నుంచే చప్పట్లు లేస్తున్నాయి. 'బాసిల్ ఏడి నాన్నా?' అని పిల్లవాడు అడిగాడు. 'రాలేదు' అన్నాడు తండ్రి, స్కోరుబోర్డు మీది నుంచి చూపు తిప్పకుండా." ఇందులో రాజకీయం పేరు ఎక్కడా లేదు. అయినా ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు రాలేదో చెప్పడంతోనే విషయం అందుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి మన హైదరాబాద్‌లోనే ఒక సాధన ఉంది. 1943లో అక్కడ పుట్టి, హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. భారత్ తరఫున టెస్టులు ఆడిన ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ అతనికి మేనమామ. పాకిస్తాన్‌కు 58 టెస్టులు ఆడి, 1979-80లో ఆ జట్టుకు నాయకుడిగా భారత్ వచ్చి, ఈడెన్ గార్డెన్స్‌లో చివరి టెస్టు ఆడాడు. అతను 1961లో హైదరాబాద్‌లోనే ఉండిపోయాడనుకోండి. జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, పటౌడీ ఉన్న హైదరాబాద్ జట్టులో ఎన్నో స్థానంలో ఆడతాడు? భారత జట్టుకు ఎప్పుడు వస్తాడు? 1965, 1971 యుద్ధాలు జరిగి, 1961 నుంచి 1978 దాకా భారత్, పాకిస్తాన్ ఒక్క టెస్టూ ఆడని ఆ ఏళ్ళలో, సరిహద్దు అవతల ఉన్న చుట్టాలతో అతని మాటలు ఎలా ఉంటాయి? వీటన్నిటికన్నా ముందు 1967 ఓవల్ టెస్టును తీసి చూడండి. రెండో ఇన్నింగ్స్‌లో పాకిస్తాన్ 65 పరుగులకు 8 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు ఆసిఫ్ 146 చేసి, ఇంతిఖాబ్ ఆలంతో తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జోడించాడు. అతను హైదరాబాద్‌లో ఉంటే ఆ తొమ్మిదో స్థానంలో పాకిస్తాన్ తరఫున ఎవరు బ్యాటింగ్‌కు దిగుతారో తేల్చుకున్నాకే మొదటి వాక్యం రాయండి.