అమ్మ గాజులు వదులైతే ఏం చూడాలి

అమ్మకి 74 ఏళ్లు. తిరుపతిలో మా దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయిన మనిషి. పోయిన ఏడు ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే, వయసు కదా అని ఊరుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

పెద్ద వయసులో ఇలా ఒళ్లు తగ్గి, సత్తువ సన్నగిల్లడాన్ని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. చూసే గుర్తులు ఐదు: పథ్యం ఏమీ లేకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, ఊరికే అలసట, చేతిపట్టు తగ్గడం, నడక మందగించడం, కదలడమే తగ్గిపోవడం. మూడు కనిపిస్తే వచ్చేసినట్టే. ఒకటో రెండో ఉంటే ఇంకా తొలిదశ, వెనక్కి తిప్పడానికి మంచి అవకాశం ఉంటుంది.

చేతిపట్టు సంగతి వంటింట్లోనే బయటపడింది. మాగాయ సీసాకు అమ్మ మూత బిగించడం మానేసింది, ఊరికే పైన పెట్టేస్తోంది. బిగిస్తే మళ్లీ తీయలేదు కాబట్టి. బూజు పట్టిందని నేను కేకలేశానే గానీ ఎందుకని అడగలేదు.

నడక చూడాలంటే టేపుతో నాలుగు మీటర్లు కొలిచి, రెండు చివర్లా ముగ్గుపిండితో గీత గీయండి. మామూలుగా నడవమనండి, పక్కనే మీరుండండి. ఐదు సెకన్లు దాటితే నడక మందగించినట్టు. అమ్మకి ఏడు పట్టింది. తర్వాత గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గిందని అర్థం.

ఇక కారణాలు. మా ఇంట్లో అసలు దొంగ పళ్లెంలోనే దొరికాడు. దవడ పళ్లు ఊడాక అమ్మ రెండు పూటలా సంగటి, మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. పప్పు పక్కన పెట్టేస్తుంది. పైగా శనివారం ఒక్కపొద్దు! పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 48 కిలోల అమ్మకి యాభై గ్రాములనుకోండి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, గ్లాసు పాలలోనూ అంతే. అందుకే పప్పు మెత్తగా ఎనిపి, చెనిక్కాయల ఊరిబిండిని ఇంకాస్త మెత్తగా నూరి, పూటపూటా కొంచెం పెడుతున్నాను. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగే పెంచండి. పళ్లు కట్టించడం వాయిదా వేయకండి.

మాత్రలు ఐదుకు మించితే అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి, సొంతంగా ఆపకండి. చూపు, వినికిడి, రక్తహీనత, షుగర్ కూడా చూపించాలి. ఒంటరితనం కూడా మనిషిని కుంగదీస్తుంది. పక్కింటి అవ్వ వచ్చిన రోజు అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

రోజూ సుప్రభాతం అయ్యాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, తర్వాత వీధి చివరిదాకా నడక. మూడు నెలలకు ఏడు సెకన్లు ఆరయ్యాయి. గీతలు మాత్రం రోజూ చెరిపేస్తుంది, నట్టింట్లో ఈ ముగ్గేంది అని.