ప్రభుత్వ డబ్బు మీ ఖాతాలోనే పడాలంటే ఏం చేయాలి?

ఉపాధి హామీ కూలి, పీఎం కిసాన్, తల్లికి వందనం, ధాన్యం సొమ్ము ఇప్పుడు చేతికి ఇవ్వరు, ఖాతాలో పడాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను మాత్రం నెల మొదట్లో ఇంటికే వస్తోంది. 2024 మే నెలలో దాన్ని కూడా చాలామందికి ఖాతాల్లోనే వేశారు. తమ ఖాతా ఏ బ్యాంకులో ఉందో, పనిచేస్తోందో లేదో తెలియని ముసలివాళ్లు ఎండలో బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు. కాబట్టి కింది పనులు డబ్బు ఆగాక కాదు, ముందే చేసుకోవాలి.

1. మీ ఆధార్ ఏ బ్యాంకుకు వెళ్తోందో చూడండి

"బ్యాంకులో ఆధార్ ఎప్పుడో ఇచ్చేశాం కదా" అని చాలామంది అంటారు. ఆధార్ జిరాక్సు ఇస్తే కేవైసీ (మీరెవరో బ్యాంకు సరిచూసుకోవడం) అయినట్టు, అంతే. ప్రభుత్వం ఆధార్ నంబరు మీద పంపే డబ్బు ఎటు వెళ్లాలో చెప్పేది, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గరున్న పట్టిక. ఆ పట్టికలో ఆధార్‌ను బ్యాంకుకు జత చేయడాన్నే సీడింగ్ అంటారు. అందులో ఒక ఆధార్‌కి ఒకే బ్యాంకు ఉంటుంది. కొత్త బ్యాంకు ఎక్కితే పాతది పోతుంది. మీ పాసుపుస్తకంలో ఏముందో ఆ పట్టికకు పట్టదు.

మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లోపలికి వెళ్లి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కండి. బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందా లేదా, ఏ తేదీన ఎక్కిందీ కనిపిస్తాయి. ఖాతా నంబరు మాత్రం కనిపించదు. ఒకే బ్యాంకులో మీకు రెండు ఖాతాలుంటే ఏది జత అయిందో ఆ శాఖలోనే అడగాలి.

ఓటీపీ రావాలంటే ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు మీ చేతిలో ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరో, కువైట్ వెళ్లేటప్పుడు వదిలేసిన సిమ్ నంబరో ఉంటే ఇక్కడే ఆగిపోతారు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్చుకోండి.

అడగని బ్యాంకు పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఎక్కడో కొత్త ఖాతా తెరిచేటప్పుడు వేలిముద్రతో పాటు అనుమతి కూడా ఇచ్చేసి ఉంటారు. 2017లో ఒక టెలికాం సంస్థ సిమ్ ధ్రువీకరణ పేరుతో ఖాతాలు తెరవడంతో, ఎందరి గ్యాస్ రాయితీయో వాళ్లకే తెలియని ఖాతాల్లోకి వెళ్లింది.

2. కావలసిన బ్యాంకుకు మార్చండి

డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆ శాఖకు వెళ్లి "ఆధార్ సీడింగ్ ఫారం" అడగండి. "ఆధార్ లింకు చేయండి" అంటే మళ్లీ జిరాక్సు తీసుకుని పంపించేస్తారు, ఎన్‌పీసీఐ మాట వాడండి. ఫారంలో, ఇంతకుముందు ఏ బ్యాంకులోనూ లేదనో, ఫలానా బ్యాంకు నుంచి మారుస్తున్నాననో గుర్తు పెట్టే చోటు ఉంటుంది. పాత బ్యాంకు పేరు రాయకపోతే అభ్యర్థన తిరగొట్టే వీలుంది. శాఖ ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. మూడు నాలుగు రోజులాగి మళ్లీ స్టేటస్ చూడండి, కొత్త తేదీ కనిపించేదాకా పని అయినట్టు కాదు.

3. ఖాతాకు ఆ సొమ్ము పట్టేంత చోటు ఉందా?

దీన్ని ఎవరూ చూసుకోరు. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా'లో నిల్వ 50,000 దాటకూడదు (ప్రభుత్వ సాయానికీ, ధాన్యం సేకరణ సొమ్ముకీ ఈ నిల్వ పరిమితి చూడరు), ఏడాది జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000 మించి తీయలేరు. అప్పులివ్వకుండా జమలు, చెల్లింపులు మాత్రమే చూసే పేమెంట్స్ బ్యాంకుల్లో రోజు చివరి నిల్వ 2 లక్షలకు మించకూడదు.

ఇప్పుడు లెక్క వేయండి. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. వేరే జమలేమీ లేకపోయినా 57 బస్తాలకే చిన్న ఖాతా ఏడాది జమల పరిమితి దాటిపోతుంది. 120 బస్తాలైతే 2,13,210 రూపాయలు, పేమెంట్స్ బ్యాంకు పరిమితి కూడా దాటిపోతుంది. అందుకే ధాన్యం అమ్మే ఇంట్లో పూర్తి కేవైసీ ఉన్న మామూలు పొదుపు ఖాతానే జత చేసుకోండి.

రెండేళ్లు మీరు ఏ లావాదేవీ చేయని ఖాతా నిద్రాణంలోకి వెళ్లవచ్చు. కేవైసీ కాగితాలిచ్చి తిరిగి తెరిపించుకుని, ఒక వందైనా వేసి తీయండి.

ఖాతా నంబరు మీద వచ్చే డబ్బుకు, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా సరిపోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాసుపుస్తకం చూసి కోడ్ రాసి ఇవ్వకండి.

4. కౌలుకు చేస్తుంటే

డెల్టాలో పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) రైతు పేరు యజమానిది ఉంటే ధాన్యం సొమ్ము యజమాని ఆధార్‌కే వెళ్తుంది, మీరు మక్తా కట్టినా సరే. నాట్లు పడగానే 11 నెలల కౌలు కార్డు తీసుకుని, సాగుదారుగా మీ పేరే నమోదు చేయించుకోండి. ఈకేవైసీ వేలిముద్ర కూడా మీదే పడాలి. కాటా అయ్యాక దిద్దడం చాలా కష్టం.

కాగితాల్లో ఇంటిపేరు చూడండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉండటం, పెళ్లయ్యాక ఒక కాగితంలోనే మారడం చిక్కు తెస్తాయి. మిగతావన్నీ ఆధార్‌తో సరిపోయేలా దిద్దించుకోండి.

5. తీసుకునేటప్పుడు

ఊళ్లో బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున యంత్రంతో డబ్బిచ్చే మనిషి) దగ్గర ఆధార్‌తో, వేలిముద్ర వేసి ఒకసారికి 10,000 దాకా తీయవచ్చు. పీచు తీసేవాళ్లకీ, రొయ్యలు ఒలిచేవాళ్లకీ చూపుడు వేలి గీతలు అరిగిపోయి యంత్రం పట్టుకోదు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఉంగరం వేలు పెట్టి చూడండి. ఆధార్‌లో పది వేళ్ల ముద్రలూ ఉంటాయి. ఏదీ పట్టకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా ఇవ్వాలి.

వేలు పెట్టే ముందు తెర మీద అంకె చూడండి. "ఫెయిలైంది, మళ్లీ పెట్టండి" అంటే ముందు రసీదు అడగండి, లేదా ఫోనుకొచ్చిన మెసేజ్ చూడండి. రెండుసార్లు కోతపడే మోసం ఇక్కడే జరుగుతుంది. నిజంగానే ఫెయిలై డబ్బు కోతపడితే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలి. ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. రాతపూర్వకంగా బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448కి ఫోన్ చేయండి. మీకు తెలియకుండా ఎవరైనా తీసేస్తే మాత్రం ఆగకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి.